నాయనమ్మతో మాయాబజార్

ఈ పేజీలో మామూలుగా పిల్లల చదువు గురించి, టిఫిన్ బాక్సుల గురించి, ఫోను అలవాటు మాన్పించడం గురించి రాస్తుంటారు. నేను మాత్రం మా అత్తయ్యని నాటకానికి తీసుకెళ్లిన సంగతి రాస్తున్నాను. ఏడో తరగతి చదివే మా అబ్బాయికి ఇందులో పెద్ద భాగమే ఉంది కాబట్టి ఎడిటర్ గారు వేసుకుంటారనే ధైర్యంతో రాస్తున్నాను.

మాది తిరువూరు దగ్గర వినగడప. మామిడి తోటలు, పత్తి, మిరప, పక్కన కట్టలేరు. వాన గట్టిగా పడితే వాగు పొంగి తోటమూల వైపు రాకపోకలు ఆగిపోతాయి. ఆ రోజుల్లో మా పిల్లల స్కూలు బస్సు కూడా చుట్టూ తిరిగి రావాల్సిందే. అత్తయ్యకి 74 ఏళ్లు. మూడేళ్ల కిందట పెరట్లో జారి పడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇంట్లో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. గడప దాటాలంటే మాత్రం వీల్‌చైరే.

ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లాం. ఫంక్షన్ హాలు పేరు ఇక్కడ అనవసరం. రోడ్డు మీద నుంచి చూస్తే ఇంద్రభవనంలా ఉంటుంది. లోపలికి పోవడానికి పదకొండు మెట్లు. పక్కన ఇంకే దారీ లేదు. నలుగురు కుర్రాళ్లు వచ్చి అత్తయ్యని కుర్చీతో సహా ఎత్తారు. వాళ్లు ప్రేమగానే ఎత్తారు, అందులో అనుమానం లేదు. ఎవరో 'పల్లకీ సేవ' అన్నారు, అందరూ నవ్వారు. వీడియో తీసే అబ్బాయి అటు లైటు తిప్పాడు. అత్తయ్య ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక మాత్రం, "ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనకమ్మాయ్. బియ్యం బస్తాని మోసినట్టు మోస్తారు" అన్నారు.

అన్నట్టే ఉన్నారు. పెళ్లి లేదు, ఓణీల ఫంక్షన్ లేదు, చివరికి గుడి కూడా లేదు. పోయిన ఏడాది మావాడు స్కూల్ యాన్యువల్ డేలో వేషం వేశాడు. వారం ముందు నుంచే "నాయనమ్మా, నువ్వు రావాలి" అని ఒకటే గొడవ. ఆవిడ రాలేదు. ఫోన్లో వీడియో చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చూసి "బాగా చేశావు నాన్నా" అన్నారు. వాడు ఏమీ అనకుండా ఫోను తీసుకుని వెళ్లిపోయాడు.

నిజానికి ఆ ఇంట్లో నాటకం గురించి తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. శ్రీరామనవమికో శివరాత్రికో ఊళ్లో పద్యనాటకాలు ఆడించేవారట. చందాలు వసూలు చేసి హార్మోనియం ఆయన్ని, పాత్రధారుల్ని పిలిపించేవారు. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లవారుజామున ఎప్పటికో అయ్యేది. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు చదువు రానివాళ్లకి కూడా నోటికి వచ్చేవి. చదువుకున్నవాళ్లకి తప్పులు పట్టేది కూడా వాళ్లే. పద్యం నచ్చితే 'వన్స్‌మోర్'. రాగం లాగలేక ఆయాసపడినా సరే, పాడినవాడు మళ్లీ పాడాల్సిందే. మామయ్య గారితో బెజవాడ వెళ్లి ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుణ్ని చూశానని ఆవిడ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. వేలు నోట్లో పెట్టి ఆయన ఈలతోనే రాగం తీసేవారని మావాడికి చేసి చూపించబోతారు, గాలి తప్ప ఏమీ రాదు, ఇద్దరూ పడీపడీ నవ్వుతారు.

ఆవిడ చెప్పిన వాటిలో నాకు గుర్తుండిపోయింది ఇంకొకటి. నాటకం రోజు సాయంత్రం నుంచే జనం చాపలు, గోనెపట్టాలు తెచ్చి చోటు పట్టుకునేవారట. కూర్చోలేని ముసలివాళ్లని మాత్రం నులకమంచంతో సహా తెచ్చి, వెనకవాళ్లకి అడ్డం రాకుండా ఒక పక్కగా వేసేవారు. "మంచం మీద పడుకుని కూడా నాటకం చూసినవాళ్లున్నారు, తెలుసా" అంటారు. నేల మీద ఆడే నాటకానికి మెట్లు ఎందుకుంటాయి? హాళ్లు కట్టుకున్నాకే మనకి మెట్లొచ్చాయి.

ఈ దసరా సెలవులకి ముందు హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, రవీంద్రభారతిలో సురభి వాళ్ల మాయాబజార్ ఉంది. అమ్మని తీసుకురండి." అత్తయ్య వినగానే చెయ్యి అడ్డంగా ఊపారు. తర్వాత ఒక అరగంట ఆగి, నన్ను చూడకుండా, "సురభి వాళ్లంటే ఆ లడ్డూలు ఎగిరేవాళ్లేనా?" అని అడిగారు.

సురభి గురించి పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం వాళ్లు 'కీచకవధ' ఆడారు. అప్పటిదాకా వాళ్లది తోలుబొమ్మలాట. తెర వెనక బొమ్మలాడించినవాళ్లు ఆ రోజు తామే తెర ముందుకొచ్చారు. అప్పటి నుంచి తరతరాలుగా అదే వృత్తి. నటించేదీ వాళ్లే, పాడేదీ వాళ్లే, తెరలు రాసేదీ కట్టేదీ వాళ్లే. మిగతా చోట్ల ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న కాలంలోనే వీళ్ల ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. నడక రాని పిల్లలు కూడా ఏదో ఒక సీనులో ఎవరి చంకలోనో కనిపిస్తారట. ఈ కుటుంబాల పెద్ద రేకందార్ నాగేశ్వరరావు గారికి, సురభి బాబ్జీ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. నాటకాలు ఆగలేదు.

రవీంద్రభారతి కూడా పాతదే. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతికి గుర్తుగా కట్టారు. 1961లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. శాంతినికేతన్‌లో చదువుకుని, ఠాగూర్ రచనల్ని తెలుగులోకి తెచ్చిన బెజవాడ గోపాలరెడ్డి గారి వంటివాళ్లు ప్రభుత్వంలో ఉన్న రోజులవి. అత్తయ్యకి అప్పటికి పదేళ్లు. ఆ హాలు గురించి పేపర్లో చదవడమేగానీ ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ ఒప్పుకున్నారుగానీ షరతు పెట్టారు. ఎవరూ తనని ఎత్తకూడదు. ఎత్తాల్సి వస్తే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి.

అందుకని బయల్దేరేముందే మా ఆడపడుచుని ఒకసారి వెళ్లి స్వయంగా చూసి రమ్మన్నాను. ఇలాంటి పని ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఆ ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. కారు ఎంత దగ్గర దాకా వెళ్తుంది? అక్కడి నుంచి సీటు దాకా ఎన్ని మెట్లు, మెట్లు లేని పక్కదారి ఉందా? ఏ వరుస చివర కుర్చీ నిలిపితే నడిచేవాళ్లకి అడ్డం కాదు? మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత? ఈ చివరిది మనం సిగ్గుపడి అడగం. కానీ అసలు ప్రశ్న అదే. అత్తయ్య లాంటివాళ్లు బయటికెళ్లే రోజు పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడం మానేస్తారు. ఎందుకో మనకి చెప్పరు. మా కుర్చీ వెడల్పు చక్రాలతో కలిపి 25 అంగుళాలు. 'వెళ్లొచ్చు' అని ఎవరైనా చెబితే సరిపోదు, టేపు పెట్టి కొలవాలి. మా ఆడపడుచు టేపూ పట్టుకెళ్లింది, ఫొటోలూ పంపింది. ఫొటోలు అత్తయ్యకి చూపించాం. రెండు వేళ్లతో ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని, ఇంటి స్థలం కాగితాలు చూసినట్టు చూశారు.

తిరువూరులో కారు మాట్లాడుకుని ఖమ్మం మీదుగా వెళ్లాం. మావాడు సెలవుల హోంవర్కు వెంట తెచ్చుకున్నాడు. నిష్పత్తుల లెక్కలు. ఒక లెక్క దగ్గర ఆగి "1:12 అంటే ఎక్కడైనా పనికొస్తుందా అమ్మా?" అన్నాడు. వాళ్ల నాన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చెప్పారు. వీల్‌చైర్ ఎక్కే ర్యాంప్ వాలు అంతకంటే నిటారుగా ఉండకూడదని 2021లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఒక అంగుళం ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అంగుళాల పొడవు, అంటే అంగుళానికో అడుగు. వాడికి ఆ లెక్క తెగ నచ్చింది. దారిలో టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా గట్ల ఎత్తు జానలతో కొలిచాడు. ఒక హోటల్ ముందు ర్యాంప్ ఉంది. కానీ అది ర్యాంప్ కాదు, జారుడుబల్ల. "నాన్నా, ఇది 1:3 కూడా లేదు" అన్నాడు. మోటార్ సైకిళ్లు ఎక్కించుకోవడానికి వేసుకున్నట్టున్నారు.

హాలు సంగతికొస్తే, పక్కగా వెళ్లి వరుస చివరి సీటు దగ్గర కుర్చీ ఆపాం. అత్తయ్య వాకర్ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, తనంతట తనే సీట్లో కూర్చున్నారు. ఎవరూ ఎత్తలేదు. అక్కడున్న ఒక ఉద్యోగి వచ్చి కుర్చీ మడిచి గోడ పక్కన పెట్టి, "అయిపోగానే నేనే తెస్తానమ్మా, మీరు తొందరపడి లేవకండి" అన్నాడు. మా ముగ్గురికీ ఆవిడ పక్కనే చోటు దొరికింది. అది చిన్న విషయం కాదు. చాలాచోట్ల పెద్దవాళ్లని ఒక మూల కూర్చోబెట్టి, ఇంటివాళ్లంతా ఇంకో మూలకి పోవాల్సి వస్తుంది. నాటకం ఒంటరిగా చూడటానికి ఎవరొస్తారు?

లైట్లు ఆరాయి. హార్మోనియం శ్రుతి పట్టగానే అత్తయ్య వెన్ను నిటారైంది. నేను స్టేజీ కంటే ఎక్కువ ఆవిడనే చూశానేమో.

మాయాబజార్ కథ మీకు చెప్పక్కర్లేదు. సినిమా పుణ్యమా అని శశిరేఖ, అభిమన్యుడు, ఘటోత్కచుడు మన ఇళ్లలో మనుషులే. కానీ 1957లో కెమెరా చేసిన మాయ వేరు, కళ్లెదురుగా మనుషులు చేసే మాయ వేరు. తెర మీద తెర జారుతుంది, అడవి రాజమందిరమైపోతుంది. బాణానికి ఎదురుగా బాణం వచ్చి గాలిలో కొట్టుకుని నిప్పురవ్వలు రాలతాయి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్తాయి. పిల్లలున్న ప్రతి వరుసలోనూ కేకలు.

మేం వరుస చివర ఒక పక్కగా కూర్చున్నాం కదా. మధ్యలో కూర్చున్నవాళ్లకి కనపడనిది మాకు కనపడింది. లోపల వింగ్‌లో ఒకాయన తాడు లాగుతున్నాడు. ఒక చేత్తో తాడు, రెండో చేత్తో భుజం మీది తువ్వాలుతో చెమట తుడుచుకోవడం. లడ్డూల సీను అవగానే తువ్వాలు తీసేసి, తలపాగా పెట్టుకుని, తర్వాతి సీన్లో కౌరవుల సేవకుడిగా చేతులు కట్టుకుని స్టేజీ మీద నిలబడ్డాడు. మావాడికి అసలు నాటకం కంటే అదే బాగా నచ్చింది. "నాయనమ్మా, అదిగో, ఆ దారం చూడు!" అని గుసగుసగా ఊదుతున్నాడు. అత్తయ్య వాడి చెయ్యి మీద చిన్నగా కొట్టి, "దారం తర్వాత చూద్దువుగాని, పద్యం విను" అన్నారు.

ఒక పద్యం వచ్చింది. పాడినాయన వయసులో పెద్దాయనే. చివరి పాదంలో రాగం ఎత్తుకుని, దించకుండా, ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో తెలియనివ్వకుండా లాగాడు. చప్పట్లు మొదలయ్యేలోపు మా పక్క నుంచి "వన్స్‌మోర్!" అని గట్టిగా ఒక గొంతు.

అత్తయ్య.

ముందు నాలుగు వరుసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నా గుండె ఝల్లుమంది. జనం తనవైపు తిరిగి చూడటమే కదా ఆవిడకి ఇష్టం లేనిది. కానీ ఆవిడ వాళ్లని చూడటమే లేదు. చెయ్యి ఇంకా పైకే ఉంది. వెనక నుంచి ఇంకెవరో పెద్దాయన "వన్స్‌మోర్" అందుకున్నారు, తర్వాత కుర్రాళ్లు కూడా. స్టేజీ మీది ఆయన ఒక్క క్షణం ఆగి, వేషం వదలకుండానే ఇటువైపు తల వంచి, హార్మోనియం ఆయన్ని చూసి చివరి పాదం మళ్లీ ఎత్తుకున్నాడు. మొదటిసారి కంటే కొంచెం తగ్గించే పాడాడు. "ఊపిరి దాచుకుంటున్నాడు, ఇంకా రెండు పద్యాలున్నాయిగా" అని అత్తయ్య మావాడికి వివరించారు.

ఆ రాత్రి మా ఆడపడుచు ఇంట్లో అమెరికాలో ఉన్న వాళ్లమ్మాయి వీడియో కాల్‌లోకి వచ్చింది. న్యూజెర్సీలో ఉంటుంది. అమ్మమ్మ కబుర్లన్నీ విని, తను న్యూయార్క్‌లో 'అల్లాదీన్' మ్యూజికల్ చూసిన సంగతి చెప్పింది. ఆ థియేటర్ పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. 1903లో కట్టింది. ఒక దశలో పాడుబడిపోతే బాగుచేయించి 1997లో మళ్లీ తెరిచారు. 2014 నుంచి అల్లాదీన్ అక్కడే ఆడుతోంది. తివాచీ గాలిలో ఎగురుతుందట. అక్కడ టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ నిలిపే చోటు, దాని పక్కన తోడువచ్చినవాళ్ల సీటు మనమే ఎంచుకోవచ్చు. 1990లో వచ్చిన చట్టం ప్రకారం అది యజమానుల దయ కాదు, బాధ్యత. "తివాచీకి కట్టిన దారం కనపడిందా?" అని మావాడు అడిగాడు. కనపడలేదంది. "అయితే నీది మంచి సీటు కాదు" అన్నాడు.

122 ఏళ్ల కట్టడంలో చోటు చేయగలిగారంటే, నిన్నగాక మొన్న కట్టిన మన ఫంక్షన్ హాళ్ల సంగతి ఏమనాలి? మనకీ చట్టం లేకపోలేదు. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వానివే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు కట్టడాలకీ అది వర్తిస్తుంది. ఇలాంటి ఏర్పాట్లను సిఫారసుల్లా వదిలేస్తే కుదరదు, కొన్నింటినైనా తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఒక వీల్‌చైర్ నిలపడానికి కావలసింది సుమారు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. మా ఊళ్లో నులకమంచానికి ఇచ్చిన చోటు కంటే తక్కువే. పెళ్లికి హాలు మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఎన్ని టన్నులు, పార్కింగ్‌లో ఎన్ని కార్లు పడతాయి అని అడుగుతున్నాం. డబ్బు కట్టేది మనం. మెట్లు లేని దారి ఏదని అడిగితే వాళ్లే కట్టించుకుంటారు. నేనైతే ఇప్పుడు అడుగుతున్నాను.

తిరుగు ప్రయాణంలో అత్తయ్య దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నారు. శశిరేఖ గొంతు బాగుందిగానీ మైకు లేకపోతే వెనకదాకా రాదన్నారు. ఘటోత్కచుడు తనకి గుర్తున్నవాళ్లంత లావు లేడన్నారు. ఖమ్మం దాటాక కాసేపు నిద్రపోయి, లేచి, "మీ స్కూలు యాన్యువల్ డే ఎప్పుడు నాన్నా?" అని అడిగారు. మావాడు నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

స్కూలు తెరిచిన రోజే వాడు టేపు పట్టుకెళ్లాడు. యాన్యువల్ డే జరిగే హాలుకి మూడు మెట్లు, ఒక్కోటి ఆరున్నర అంగుళాలు. మొత్తం పందొమ్మిదిన్నర. అంటే ర్యాంప్ పొడవు పందొమ్మిదిన్నర అడుగులు. బొమ్మ గీసి, కొలతలు వేసి, డైరీలో ప్రిన్సిపాల్ గారికి ఇంగ్లీషులో ఒక లెటర్ రాశాడు. స్పెల్లింగులు మాత్రమే నేను చూశాను. ఆవిడ పిలిచి మాట్లాడారట. ఆ హాలు ముందు అంత పొడవు చోటు లేదు, మధ్యలో ఒక మలుపు, మలుపు దగ్గర చదునుగా నిలవడానికి జాగా వదిలితే సరిపోతుందేమో చూడమని లెక్కల మాస్టారికి అప్పగించారట. ఇప్పుడు మా ఇంట్లో గోడ పక్కన అట్టముక్కలతో ఆ మలుపు తయారవుతోంది. అత్తయ్య మంచం మీద కూర్చుని పర్యవేక్షిస్తున్నారు. ఆవిడ ఈసారి పెట్టిన షరతు ఒక్కటే. స్పీకర్ల పక్కన మాత్రం కూర్చోబెట్టకూడదట.